గడప దాటినం, గల్లా దాటలేదు: జనగామ, మానుకోట, భూపాలపల్లిల్లో దుకాణం నుంచి షాపింగ్ మాల్ దాకా

మా అవ్వ మొదటిసారి జనగామలో షాపింగ్ మాల్‌కు పోయిన రోజు అద్దాల తలుపు బయటనే చెప్పులు ఇడిచింది. మా చెల్లె పెండ్లి బట్టలకు పోయినం. తలుపు కాడ నిలబడ్డ వాచ్‌మన్ "చెప్పులతోటే రా అమ్మా" అన్నడు. అవ్వ నమ్మలే. నా మొఖం చూసింది. నేను ఊ అన్నంకనే చెప్పులు తొడుక్కొని లోపలికి వచ్చింది. గంట సేపు చీరెలు చూసింది. చేతుల్లోకి తీసుకుంది, మడత విప్పింది, భుజం మీద ఏసుకొని అద్దంలో చూసుకుంది. బయటికి వచ్చినంక ఆమె ధర గురించి మాట్లాడలేదు, రంగు గురించి మాట్లాడలేదు. "చీరె ముట్టుకోనిచ్చిండ్రు బిడ్డా" అన్నది.

ఈ వ్యాసం ఆ మాట నుంచి మొదలైతుంది. మాల్ గురించి మన దగ్గర రెండు రకాల మాటలు వినిపిస్తయి. మార్కెట్‌కు కులం లేదు, పైసలుంటే చాలు, మాల్‌లో అందరూ సమానమే అనేది ఒకటి. మాల్ అంటే వస్తు వ్యామోహం, బహుళజాతి కంపెనీల మాయ, దాంట్లో మనకు సంబంధించింది ఏమీ లేదు అనేది రెండోది. మా అవ్వ మాట ఈ రెండింటికీ సరిపోదు. ఆమెకు ఆ రోజు దొరికింది మాయ కాదు, నిజమైన మార్పు. అయితే ఆ మార్పు ఎంత దూరం వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అనేది చూడకుండ "సమానత్వం వచ్చింది" అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

కాబట్టి దుకాణాన్ని మూడు చోట్ల నిలబడి చూద్దాం. ఒకటి గడప: లోపలికి ఎవరు రావచ్చు? రెండు కౌంటర్: లోపల ఎవరు పని చేస్తున్నరు, ఎట్ల చేస్తున్నరు? మూడు గల్లా: పైసల పెట్టె వెనుక కూర్చునేది ఎవరు?

ముందు పేరు సంగతి. హైదరాబాద్‌లో మాల్ అంటే ఒకరు కట్టిన పెద్ద భవనంలో వేర్వేరు కంపెనీలు కిరాయికి నడిపే దుకాణాలు, సినిమా తెరలు, తిండి అంగళ్లు, బండ్లు ఆపే జాగ. 2009లో మాదాపూర్ దగ్గర తెరిచిన ఇనార్బిట్ అటువంటిది. మన ఊర్లలో షాపింగ్ మాల్ అంటే మూడు నాలుగు అంతస్తుల బట్టల దుకాణం. ఒకటే బోర్డు, ఒకటే యాజమాన్యం, అన్ని అంతస్తుల పైసలూ చేరేది ఒకటే గల్లాకు. నేను మాట్లాడేది ముఖ్యంగా ఈ రెండో రకం గురించి. ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు. పాత బట్టల దుకాణం, పాత గంజ్, పాత అంగడి, ఇవే పెరిగి పెరిగి మాల్ అయినయి.

రైలు తెచ్చిన బజారు

నిజాం రైలు సికింద్రాబాద్ నుంచి 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. జనగామ, మానుకోట రెండూ ఆ పట్టాల మీది ఊర్లే. రైలు రాకముందు కొనుడు అమ్ముడు ఎక్కువగా వారం అంగడిలో జరిగేది. రైలు వచ్చినంక స్టేషన్ చుట్టూ శాశ్వతమైన బజారు పుట్టింది. ధాన్యం, ఆముదాలు, పత్తి, మిర్చి బండ్ల మీద వచ్చి రైలెక్కినయి. గ్యాసునూనె, ఉప్పు, మిల్లు బట్ట రైలు దిగినయి. రెండింటి మధ్య నిలబడ్డది అడ్తి దుకాణం. రైతు పంట కొనేదీ ఆయనే, పంటకు ముందు అప్పు ఇచ్చేదీ ఆయనే, పండుగకు బట్ట అమ్మేదీ చాలా చోట్ల ఆయనే, లేకుంటే ఆయన తమ్ముడు. 1930లో హైదరాబాద్ రాజ్యం వ్యవసాయ మార్కెట్ల చట్టం తెచ్చి కాంటాను, తరుగును, కమీషన్‌ను ఒక పద్ధతిలో పెట్టాలని చూసింది. చట్టం కాంటాను చూసింది గని కాంటా పట్టే చేతిని, మూట మోసే వీపును చూడలేదు.

ఇక్కడ ఒక విషయం న్యాయంగా చెప్పుకోవాలె. ఆనాటి జనగామ తాలూకాలో వెట్టి మాల మాదిగల మీద, చాకలి మంగలి కుమ్మరోళ్ల మీద మాత్రమే లేదు. గడీకి, సర్కారు నౌకర్లకు సరుకులు ఊరికే ఇయ్యాలని వ్యాపారుల మీద కూడా వెట్టి ఉండె. మాదిగోడు చెప్పులు, మోట బొక్కెన ఊరికే ఇచ్చిండు. షావుకారు ఉప్పు, పప్పు ఊరికే ఇచ్చిండు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయినంక లేచిన పోరాటంలో ఈ వెట్టి కూలిపోయింది. అయితే గడీ కూలినంక ఎవరి చేతిలో ఏం మిగిలిందో లెక్క చూడుండ్రి. షావుకారుకు దుకాణం మిగిలింది. కౌలుదారుకు, రైతుకు ఎంతో కొంత భూమి మిగిలింది. మాదిగకు ఆరె, రంపె మిగిలినయి. కొన్నేండ్లకు వాటికి కూడా పని లేకుండ పోయింది. జనగామ బజారు చరిత్రలో మన చోటు ఏందో ఈ లెక్కలోనే ఉన్నది.

పాత బట్టల దుకాణం ఎట్ల ఉండేదో మా నాయిన చెప్పంగ ఇన్నది రాస్తున్న. ముందు అరుగు. అరుగు మీద తెల్ల పరుపు. పరుపు మీద గల్లా పెట్టె, దాని వెనుక సేటు. ఊరి పెద్దలు వస్తే పరుపు మీద కూర్చుండబెట్టి తాను తాను విప్పి చూపెట్టేటోళ్లు. మనోళ్లు అరుగు కింద నిలబడాలె. గుమాస్తా పైనుంచే బట్ట చూపెడతడు. ముట్టుకుంటే అది కొన్నట్టే. పైసలు చేతికి ఇయ్యొద్దు, అరుగు మీద పెట్టాలె. చిల్లర పైనుంచి వేస్తరు. ఉద్దెర ఖాతాలో మా నాయిన పేరు కులంతోనే ఉండె. ఇది ఒక్క సేటు చెడ్డతనం కాదు. ఆ బజారులో దుకాణం కట్టిన తీరే అది. అరుగు ఎత్తు బట్ట తడవకుండ మాత్రమే కట్టింది కాదు.

రాజ్యాంగంలో దుకాణం

భారత రాజ్యాంగం 15వ అధికరణలోని రెండో భాగం బావులు, చెరువులు, రోడ్ల కంటే ముందు ఒక మాట చెప్తుంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుడినీ దుకాణాల్లోకి, హోటళ్లలోకి, వినోద స్థలాల్లోకి రానీయకుండ ఆపొద్దని. మొదటి మాట దుకాణమే. మనం బావి గురించి, గుడి గురించి ఎక్కువ మాట్లాడినం. దుకాణం గురించి తక్కువ మాట్లాడినం. మహద్ చెరువు పోరాటం నడిపిన మనిషికి మాత్రం దుకాణం ఎంత ముఖ్యమో తెలుసు.

1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో ఈ అధికరణ మీద చర్చ వచ్చినప్పుడు "దుకాణం" అంటే ఏందని అడిగిండ్రు. అంబేద్కర్ ఆ మాటకు చాలా విశాలమైన అర్థం ఇచ్చిండు. సరుకు అమ్మే చోటు మాత్రమే కాదు, వచ్చినోళ్లకు సేవ చేస్తనని ఎవరు తలుపు తెరిచి కూర్చున్నా అది ఈ మాట కిందికి వస్తుందని వివరించిండు. మంగలి దుకాణం, చాకలి దుకాణం అన్నీ దాంట్లోకి వచ్చినయి. ఆ తర్వాత 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976లో దాని పేరు పౌరహక్కుల పరిరక్షణ చట్టం అయింది. దుకాణంలోకి రానీయకపోవుడు ఒక నేరం. అదే ధరకు సరుకు అమ్మకపోవుడు ఇంకో నేరం.

చట్టం గడపను తెరిచింది. అయితే చట్టంలో రాసింది కొనేటోని హక్కు. అమ్మేటోని హక్కు సంగతి వేరే.

కొనుడు వేరు, అమ్ముడు వేరు

అమెరికాలోని గ్రీన్స్‌బరో అనే ఊర్లో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు ఊల్‌వర్త్ అనే పెద్ద దుకాణంలోకి పోయిండ్రు. ఆ దుకాణంలో నల్లవాళ్లు సబ్బు కొనొచ్చు, పుస్తకం కొనొచ్చు. అదే దుకాణంలోని ఫలహారం బల్ల దగ్గర కూర్చోవద్దు. ఆ విద్యార్థులు కొన్న సరుకు రసీదు దగ్గర పెట్టుకొని ఆ బల్ల దగ్గర కూర్చున్నరు, లేవలేదు. ఆ కూర్చునుడు ఉద్యమమై దేశమంతా పాకింది. మన పైసలు తీసుకునేటప్పుడు లేని మైల మనం కూర్చునేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది అనేదే వాళ్ల ప్రశ్న. రెండు గ్లాసుల హోటళ్లు చూసిన మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు.

మన దేశంలో దీనికి ఇంకో మెట్టు ఉన్నది. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో జరిగిన ఒక అధ్యయనం 2006లో పుస్తకంగా వచ్చింది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. మూడో వంతు కంటే ఎక్కువ గ్రామాల్లో దళితులు స్థానిక మార్కెట్లో తమ సరుకు అమ్ముకోకుండ అడ్డుకుంటున్నరని అది తేల్చింది. పాల కేంద్రాల సంగతి ఇంకా స్పష్టం. సుమారు 47 శాతం గ్రామాల్లో దళితుల పాలు కేంద్రాల్లో పోయనీయలేదు. కేంద్రంలో పాలు కొనకుండ ఆపిన గ్రామాలు దాంట్లో సగం దాకా మాత్రమే. అంటే మనం పాలు కొంటే మైల తక్కువ, అమ్మితే మైల ఎక్కువ. కొనేటప్పుడు మన పైసలు అటు పోతయి. అమ్మేటప్పుడు వాళ్ల పైసలు మనవైపు రావాలె. మైల ఎటు తిరుగుతుందో చూస్తే అది పైసల దారి వెంటే తిరుగుతుందని తెలుస్తుంది.

మార్కెట్ యార్డులకు పోయి చూసినా ఇదే. మానుకోటలో, కేసముద్రంలో మిర్చి సీజన్‌లో యార్డు నిండా మనుషులే. మూటలు మోసే హమాలీలు, కాంటా పట్టే దడ్వాయిలు, కింద పడ్డ గింజలు ఊడ్చి చెరిగే చాటకూలీ ఆడోళ్లు. మిర్చి ఘాటుకు కండ్లకు, ముక్కుకు గుడ్డ కట్టుకొని పని చేస్తరు. మాల మాదిగలు, లంబాడీలు, బీసీ కులాలోళ్లు లేకుంటే యార్డు ఒక్క పూట నడవదు. అడ్తి లైసెన్సుల జాబితాలో ఎవరి పేర్లున్నయో మాత్రం ఒకసారి మార్కెట్ కమిటీ ఆఫీసులో అడిగి చూడుండ్రి.

అంతస్తుకో కులవృత్తి

ఇప్పుడు మాల్‌లోకి పోయి కింది నుంచి పైకి ఎక్కుదాం. చీరెలు, ధోతులు: పద్మశాలోళ్ల పని. మన షెడ్యూల్డు కులాల జాబితాలో కూడా "మాల సాలె, నేతకాని" అని ఉన్నది. గోదావరి తీరాన భూపాలపల్లి, పెద్దపల్లి, మంచిర్యాల వైపు నేతకానోళ్లు ఉన్నరు. ముతక బట్ట నేసి ఊరికి కట్టనిచ్చినోళ్లు వాళ్లు. కుట్టిన బట్టలు: మేరోళ్ల పని. బంగారం, వెండి: ఔసలోళ్ల పని. పట్నం మాల్ అయితే జుట్టు కత్తిరించే సెలూన్ ఉంటది: మంగలోళ్ల పని. చెప్పులు, బ్యాగులు, బెల్టులు: మాదిగల పని. మాల్‌లో అమ్మేది దాదాపు ప్రతిదీ ఏదో ఒక కులం చేతి నుంచి పుట్టిన విద్య. చెయ్యి పోయింది, విద్య పోయింది, లాభం మిగిలింది. ఆ లాభం చెయ్యి దగ్గరికి పోలేదు.

చెప్పు కథ ఒక్కటి చూసినా చాలు. చచ్చిన పశువు తోలు తీసి, లందలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనిచ్చి, మెత్తగ చేసి, కిర్రు చెప్పులు కుట్టుడు పెద్ద శాస్త్రం. నీళ్లల్లో ఏండ్లు నానినా చెడిపోని మోట బొక్కెన కుట్టుడు ఇంకా పెద్ద శాస్త్రం. దానికి మాదిగకు దొరికింది కల్లం కాడ నాలుగు గింజలు, ఊరి అవతల ఇల్లు. 1930ల మొదట్లో కలకత్తా దగ్గర కొన్నగర్‌లో బాటా కంపెనీ ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాత బాటానగర్ వచ్చింది. రబ్బరు, కాన్వాసు, తర్వాత ప్లాస్టిక్ చెప్పులు ఊర్లకు చేరినయి. కరెంటు మోటరు వచ్చి మోటను మూలకేసింది. లందలు ఎండిపోయినయి.

దాంతోపాటు ఇంకో విచిత్రం జరిగింది. చెప్పుల పని అంటరానిది. చెప్పుల దుకాణం అంటరానిది కాలేదు. బజారులో అద్దాల షోకేసు పెట్టి, తోలు చెప్పులు అమ్మి, గిరాకీ కాలు పట్టుకొని కొలత చూసే దుకాణం ఏ కులపోడు పెట్టినా ఆయనకు మైల అంటలేదు. తోలు అదే, కాలు అదే. మైల తోలులో ఉంటే దుకాణదారుకు కూడా అంటాలె గదా? అంటలేదంటే మైల తోలులో లేదు, పెట్టుబడి లేని చేతిలో ఉన్నది. కులవృత్తికి పెట్టుబడి తగలంగనే కులం ఎట్ల మాయమైతదో, పాత కులపోడు ఎట్ల బయటికి నెట్టబడుతడో చెప్పుల దుకాణం చూసి నేర్చుకోవచ్చు.

మూడు ఊర్లు, మూడు తొవ్వలు

జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలు అయినయి. కలెక్టరేట్లు వచ్చినయి, నెలజీతాల మనుషులు వచ్చిండ్రు, రోడ్డు పక్క జాగ ధర లేచింది, అంతస్తులు లేచినయి. పైకి చూస్తే మూడూ ఒకటే కథ. లోపల మాత్రం తేడా ఉన్నది.

జనగామ స్టేషన్ బజారు. హైదరాబాద్‌కు సుమారు 85 కిలోమీటర్లు. ఒక దిక్కు హైదరాబాద్, ఇంకో దిక్కు వరంగల్. పెండ్లి బట్టలకు మనుషులు అటో ఇటో పోవుడు అలవాటు. కాబట్టి ఇక్కడి దుకాణదారు వరంగల్‌తోటి పోటీ పడాలె. అందుకే ఏసీ, లిఫ్టు, సినిమా తారతోటి రిబ్బన్ కటింగు. పాత బజారులో భూమి ఎవరి చేతిలో ఉండెనో కొత్త భవనాల కిరాయి కూడా చాలా వరకు వాళ్ల ఇండ్లకే పోతున్నది.

మానుకోట మిర్చి బజారు. ఆరో నిజాం పేరు మీద మహబూబాబాద్ అయింది గని జనం నోట్లో ఇంకా మానుకోటే. చుట్టూ తండాలు. మిర్చికి ధర పలికిన ఏడు బట్టల దుకాణాలు కళకళలాడుతయి, ధర పడ్డ ఏడు ఈగలు తోలుకుంటయి. ఇక్కడ కొనేటోళ్లలో లంబాడీలు చాలామంది. ఒకప్పుడు అద్దాలు, గవ్వలు కుట్టి లంబాడీ ఆడోళ్లు తమ బట్ట తామే తయారు చేసుకున్నరు. ఇప్పుడు అదే డిజైన్ మిషన్ కుట్టుతోటి ఎక్కడో తయారై వచ్చి వాళ్లకే అమ్ముడుపోతున్నది.

భూపాలపల్లి బొగ్గు బజారు. ఇది సింగరేణి కాకతీయ గనులు వచ్చినంక పెరిగిన ఊరు. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి దశ 2010లో వచ్చింది. ఇక్కడ జనగామ లెక్క నూరేండ్ల సేటు బజారు లేదు. కాబట్టి కొత్త ఊర్లో కులం సడలాలె గదా అనిపిస్తది. కొంత సడలింది. గనిలో దిగిన మాల మాదిగ కార్మికుడు నెలజీతం తీసుకొని భార్యాపిల్లలతోటి దర్జాగ దుకాణానికి పోయిండు. దసరాకు లాభాల వాటా పడ్డ వారం బజారు చూడాలె! కానీ 2024 లెక్క చూడుండ్రి. సింగరేణి ఆ ఏడు 796 కోట్ల వాటా ప్రకటించింది. పర్మినెంటు కార్మికునికి సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారి ఇచ్చిండ్రు, తలా 5 వేలు. అదే బొగ్గు, అదే దుమ్ము. పర్మినెంటు ఉద్యోగంలో రిజర్వేషన్ ఉన్నది, యూనియన్ ఉన్నది. కాంట్రాక్టు పనిలో రెండూ బలంగ లేవు. మాల్‌లో ఏ అంతస్తు దాకా ఎక్కగలమో గని గేటు కాడనే తేలిపోతున్నది.

బోర్డు మారుతది

మాల్‌లో దుకాణాలు నిలకడగ ఉండయి. హైదరాబాద్‌లో పుట్టిన త్రినేత్ర సూపర్ మార్కెట్ ఆదిత్య బిర్లా వాళ్ల చేతికి పోయి "మోర్" అయింది. 2001లో వచ్చిన బిగ్ బజార్ ఇరవై ఏండ్లు నడిచి, అప్పుల్లో మునిగి, 2022లో దాని దుకాణాలు రిలయన్స్ చేతికి పోయి, చాలా చోట్ల స్మార్ట్ బజార్ అయినయి. మాల్ పుట్టిన దేశంలో కూడా ఇదే. అమెరికాలో 1956లో మినియాపొలిస్ పక్కన సౌత్‌డేల్ అనే మొదటి కప్పున్న శివారు మాల్ తెరిచిండ్రు. కార్లున్న తెల్లవాళ్లు నగరం ఇడిచి శివార్లకు పోయిండ్రు, దుకాణాలు వాళ్ల వెనుక పోయినయి, నల్లవాళ్లుండే నగరం నడిబొడ్డు బజార్లు ఎండిపోయినయి. కొన్నేండ్లకు ఆ మాల్స్ కూడా వందల సంఖ్యలో మూతబడ్డయి.

మన ఊర్లలో బోర్డు ఇంకో తీరుగ మారుతది. పాత "క్లాత్ స్టోర్" "శారీ సెంటర్" అయితది, అది "షాపింగ్ మాల్" అయితది. నాన్న గద్దె మీద కూర్చున్నడు, కొడుకు తిరిగే కుర్చీలో కూర్చుంటడు. ఉద్దెర ఖాతా పోయి కిస్తీ కార్డు వచ్చింది. ఇంతకుముందు సేటుకు బాకీ, ఇప్పుడు ఫైనాన్సు కంపెనీకి బాకీ. సేటు పండుగ దాకా ఆగేటోడు. కంపెనీ తారీఖు దాటనీయదు.

2025లో "మార్వాడీ గో బ్యాక్" అన్న నినాదం తెలంగాణలో గట్టిగ వినిపించింది. బయటి వ్యాపారి పోయి లోపలి వ్యాపారి రావాలంటరు. ఏ కులాన్నైనా, ఏ ప్రాంతపు మనుషులనైనా గుంపుగ తిట్టుడు మన పద్ధతి కాదు. మనల్ని అట్లనే తిట్టిండ్రు. పైగా ఆ నినాదం మన ప్రశ్న అడగదు. ఒక సేటు పోయి ఇంకో సేటు వస్తే హమాలీకి ఏం మారుతది? బోర్డు మారుడు వేరు, గల్లా మారుడు వేరు.

నిలబడే కొలువు

మా అక్క బిడ్డ డిగ్రీ చదివి ఒక బట్టల మాల్‌లో సేల్స్ గర్ల్‌గ చేరింది. పొద్దున పదింటికి పోతే రాత్రి తొమ్మిదిన్నరకు వస్తది. పండుగ సీజన్‌లో ఇంకా లేటు. గిరాకీ ఉన్నా లేకున్నా కూర్చోవద్దు. కూర్చుంటే కెమెరాలో కనపడతది. మూత్రానికి పోవాలంటే సూపర్వైజర్‌ను అడగాలె. చీరె తగ్గితే జీతంలో కోత. ఆర్డరు కాగితం లేదు, పీఎఫ్ లేదు. రాత్రి వచ్చి కాళ్లు వేడినీళ్లల్లో పెట్టుకుంటది. మా నాయిన అరుగు కింద నిలబడ్డడు. ఆయన మనుమరాలు అరుగు మీద నిలబడ్డది. ఎత్తు మారింది గని కూర్చునే హక్కు రాలేదు.

ఇది ఆమె ఒక్కదాని గోస కాదు, చట్టం దాకా పోయిన సంగతి. కేరళలో కోజికోడ్ బజారులో బట్టల దుకాణాల ఆడోళ్లు "పెన్‌కూట్టు" అనే సంఘంగా ఏర్పడి మరుగుదొడ్డి కోసం, కుర్చీ కోసం ఏండ్ల తరబడి కొట్లాడిండ్రు. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి పనిలో కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. కుర్చీ చిన్న విషయం అనుకునేటోళ్లు రోజంతా ఒక్క రోజు నిలబడి చూడాలె. కుర్చీ కోసం మన సమాజంలో ఎన్ని ప్రాణాలు పోయినయో మనకు తెలుసు. 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపిన ఘటనకు ముందు నడిచిన గొడవ సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలైంది. టికెట్ కొన్నా సీటు మనది కాదన్నరు.

ఈ కొలువు కూడా పేరు చూసి ఇస్తరా అనే అనుమానం మనకు ఎప్పుడూ ఉన్నది. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ 2007లో అచ్చేసిన పరిశోధనలో ఒకే చదువున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపిండ్రు. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం పై కులం పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉన్నట్టు తేలింది. అర్హత ఒకటే, మారింది ఇంటిపేరు.

గల్లా ఎవరిది

2005 ఆర్థిక గణన వివరాల మీద లక్ష్మి అయ్యర్, తరుణ్ ఖన్నా, అశుతోష్ వర్ష్ణే చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. దేశ జనాభాలో 16.4 శాతం ఉన్న షెడ్యూల్డు కులాల చేతిలో ఉన్న సంస్థలు 9.8 శాతమే. ఈ 9.8లో కూడా ఒక్క మనిషి నడిపే చెప్పుల డబ్బా, కూరగాయల బండి ఎన్నో ఉంటయి. తెలంగాణలో 2024లో జరిగిన కులసర్వే ప్రకారం ఎస్సీలు 17.43 శాతం. మీ బజారులో నూరు దుకాణాలుంటే పదిహేడు మనవి కావాలె. లెక్క పెట్టి చూడుండ్రి.

ఎందుకు కాలేదు? తెలివి లేక కాదు, కష్టం చేయలేక కాదు. దుకాణానికి నాలుగు కావాలె: రోడ్డు పక్క జాగ, అప్పు, ఉద్దెరకు సరుకిచ్చే హోల్‌సేల్ పరిచయం, గిరాకీ నమ్మకం. జాగ వారసత్వంగ వస్తది. మన జాగ ఊరి అవతల ఉన్నది. అప్పు తాకట్టు మీద వస్తది. సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో హోల్‌సేల్ సేటు నోటిమాట మీద సరుకు పంపాలంటే చుట్టరికమో కులమో పూచీ ఉండాలె. గిరాకీ నమ్మకం సంగతి పాల కేంద్రం దగ్గర చూసినం. ఈ నాలుగూ కులం ఇచ్చేవే. అందుకే మార్కెట్‌కు కులం లేదనే మాట గడప దగ్గర సగం నిజం, గల్లా దగ్గర అబద్ధం.

ప్రభుత్వం ఏం చేసింది? మున్సిపల్ షాపింగ్ కాంప్లెక్సుల వేలంలో ఎస్సీ, ఎస్టీలకు వాటా ఉన్నది. చాలామందికి ఈ సంగతే తెలవదు. తెలిసిన చోట పేరు ఒకరిది, గల్లా ఇంకొకరిది. 2021లో తెలంగాణ ప్రభుత్వం మద్యం దుకాణాల్లో ఎస్సీలకు 10 శాతం రిజర్వేషన్ పెట్టింది. 2,620 దుకాణాల్లో 262. దుకాణంలో మన వాటాను రాజ్యం అంత కచ్చితంగ లెక్క కట్టింది సారా అమ్మనీకి! మన వాడల్ని ముంచిన సరుకు దగ్గరనే మనకు గల్లా దొరికింది. అదే ఏడు ఆగస్టులో హుజూరాబాద్‌లో మొదలైన దళిత బంధు కింద కుటుంబానికి 10 లక్షలు ఇచ్చిండ్రు. కొందరు దుకాణాలు పెట్టిండ్రు, చాలామంది బండ్లు, ట్రాక్టర్లు కొన్నరు. ఒక్కసారి పైసలిస్తే జాగ, పరిచయం, నమ్మకం వాటంతట అవి రావు. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ రిజర్వేషన్ మూడు గ్రూపులుగ అమలైతున్నది. ముప్పై ఏండ్ల దండోరా కొట్లాటకు అది ఫలితం. కానీ ఆ వాటా పంచుకునేది సర్కారు కొలువుల్లో, చదువుల్లో. కొలువులు పెరుగుతున్నది మాల్స్‌లో, గోదాముల్లో, కాంట్రాక్టుల్లో. అక్కడ మాలకూ వాటా లేదు, మాదిగకూ లేదు.

మనం చేయగలిగింది

విద్యార్థులు, ఉపాధ్యాయులు, కార్యకర్తలు చదివే పత్రిక ఇది. కాబట్టి పని మాటతోటే ముగిస్త. ఒక ఆదివారం నలుగురు కలిసి మీ ఊరి బజారు ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నడవుండ్రి. నోటుబుక్కులో మూడు గీతలు గీయుండ్రి. మొదటి గడిలో గడప: మన మనిషి ఎట్ల లోపలికి పోతున్నడు, ఎట్ల పిలుస్తున్నరు. రెండో గడిలో కౌంటర్: పనిచేసే ఆడోళ్లకు కుర్చీ ఉన్నదా, మరుగుదొడ్డి ఉన్నదా, ఆర్డరు కాగితం ఉన్నదా. మూడో గడిలో గల్లా: దుకాణం ఎవరిది, జాగ ఎవరిది. మున్సిపాలిటీకి పోయి సమాచార హక్కు కింద ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చిన దుకాణాల జాబితా అడగుండ్రి. జాబితా పట్టుకొని పోయి గల్లా కాడ ఎవరు కూర్చున్నరో చూడుండ్రి. మార్కెట్ కమిటీలో లైసెన్సుల జాబితా అడగుండ్రి. ఈ లెక్కలు మన చేతిలో లేకనే "మార్కెట్‌కు కులం లేదు" అన్నోనికి మనం జవాబు చెప్పలేకపోతున్నం.

మా అవ్వ ఇప్పుడు మాల్‌కు చెప్పులతోటే పోతది. అది చిన్న గెలుపు కాదు. ఎన్ని తరాలు కొట్లాడితే వచ్చిందో మర్చిపోవద్దు. పోయిన దసరాకు ఆమెను తీసుకొని మా అక్క బిడ్డ పనిచేసే మాల్‌కే పోయినం. అవ్వకు కూర్చోనీకి స్టూలు ఏసిండ్రు. అవ్వ దాని మీద కూర్చొని, ఎదురుంగ చీరెలు విప్పుతున్న మనుమరాలిని చూసి "నువ్వు గూడ కూసో బిడ్డా" అన్నది. పిల్ల పైకి, కెమెరా దిక్కు చూసి తల అడ్డంగ ఊపింది.